దాచిన సొమ్ముకు పూచీ ఎవరిది?

వరంగల్‌లో కాశిబుగ్గ దాటి ఏనుమాముల మార్కెట్ వైపు వెళ్తే గోదాములు, కోల్డ్ స్టోరేజీలు వరసగా కనిపిస్తాయి. ధర పడిపోయిన ఏడాది మిర్చి రైతు బస్తాలను తెగనమ్మకుండా కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. లాట్ నంబరు, బస్తాల లెక్క రాసిన రసీదు తీసుకుని, సరుకు భద్రమనుకుని ఇంటికి పోతాడు. అద్దె చోట వస్తువు దాచడం మనకు బాగా అలవాటైన పనే. అది కాలిపోతేనో మునిగిపోతేనో ఎవరు కట్టిస్తారన్న ప్రశ్న మాత్రం మనకు చాలా ఆలస్యంగా తడుతుంది.

మనకు ఆలస్యంగా తట్టినా, ఆ ప్రశ్నకు సగం జవాబు ప్రాచీనులే చెప్పారు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో మూడో అధికరణం ఉపనిధి, అంటే నమ్మి అప్పగించిన సొమ్ము గురించి చర్చిస్తుంది. ఆ సొమ్ము పుచ్చుకున్నవాడు దాన్ని వాడుకున్నా, అమ్ముకున్నా దండన తప్పదు. శత్రువుల దాడిలోనో, పెద్ద అగ్నిప్రమాదంలోనో, వరదలోనో ఊరికి ఊరే పోతే మాత్రం అతణ్ణి అడగకూడదు. యాజ్ఞవల్క్య స్మృతి కూడా రాజు వల్ల, దైవం వల్ల, దొంగల వల్ల పోయినదాన్ని ఇప్పించనక్కర్లేదంటుంది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఇంచుమించు ఈ దారినే నడిచింది. సాధారణ వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాలని 151వ సెక్షన్ చెబితే, అంత జాగ్రత్త పడ్డాక జరిగిన నష్టానికి బాధ్యత లేదని 152వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి చోటిచ్చినవాడు నిజాయితీకి, జాగ్రత్తకు మాత్రమే జవాబుదారీ. ఆ పైన వచ్చే నష్టం సొంతదారుదే.

ఈ ఖాళీని పూడ్చడానికి పుట్టిందే బీమా. 1850లో కలకత్తాలో మొదలైన ట్రైటన్ కంపెనీతో మన దేశంలో సాధారణ బీమా చరిత్ర మొదలవుతుంది. తొలి రోజుల్లో అది ఓడ సరుకులకు, వర్తకుల గోదాములకు, మిల్లులకు పనికొచ్చింది. 1880లలో రైలు, 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చి వరంగల్ వ్యాపార పట్నంగా పెరిగినా, పల్లెలో ధాన్యం గుమ్మిలోనో పాతరలోనో, నగలు సందుగలోనో ఉండేవి. వాటికి కాపలాయే బీమా.

గోదాము సామాన్య రైతుకు అందింది స్వాతంత్ర్యం తర్వాతే. 1956లో గిడ్డంగుల చట్టం, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ సంస్థ వచ్చాయి. 1973లో సాధారణ బీమాను జాతీయం చేసి, 107 సంస్థలను నాలుగు ప్రభుత్వ కంపెనీల కిందకు తెచ్చారు. 2007 నాటి గిడ్డంగుల చట్టం రసీదుకే విలువ తెచ్చింది. దాన్ని చేతులు మార్చవచ్చు, తాకట్టు పెట్టి అప్పు తేవచ్చు. సరుకుకు బీమా చేసిన సంస్థ పేరు కూడా ఆ రసీదు మీద ఉండాలి.

ఆ వివరం ఎంత ముఖ్యమో కర్ణాటకలో జరిగిన ఒక ప్రమాదం చూపించింది. బ్యాడగి మిర్చి పండించిన రైతులు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి, దాని మీద కెనరా బ్యాంకులో అప్పు తెచ్చుకున్నారు. బీమా పాలసీ తీసుకున్నది కోల్డ్ స్టోరేజీ యజమాని. 2014 జనవరిలో అది కాలిపోయింది. పాలసీ రైతుల పేరున లేదు గనుక వాళ్లతో తమకు సంబంధం లేదని బీమా కంపెనీ వాదించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ బీమా ఫలితం అందాల్సింది రైతులకే గనుక వాళ్లూ వినియోగదారులేనని 2020 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది. న్యాయం దక్కింది గానీ, ఆరేళ్లు పట్టింది.

బంగారం కథ వేరు. సందుగ నుంచి అది బ్యాంకు లాకరుకు మారింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించాక రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు తెచ్చింది. అవి 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు ఏడాది అద్దెకు నూరు రెట్ల దాకా చెల్లించాలి. రూ.2,000 అద్దె కట్టేవారికి గరిష్ఠంగా రూ.2 లక్షలన్నమాట. లోపల ఇరవై తులాలున్నా అంతే. భూకంపం, వరద వంటివాటికి ఆ మాత్రం పూచీ కూడా లేదు. లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు కాబట్టి, అందులోని వస్తువులకు బ్యాంకులు బీమా అమ్మవద్దని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. తాకట్టు బంగారం అలా కాదు. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలోని బ్యాంకులో దొంగలు పడి దాదాపు 19 కిలోల తాకట్టు బంగారం ఎత్తుకుపోయినా, తూకం వేసి రాసిన లెక్క ఖాతాదారుల చేతిలో ఉంది.

ఇక మిగిలింది ఇంటి సామాను. సామాను దాచుకునే అద్దె గదుల వ్యాపారం అమెరికాలో 1960లలో ఊపందుకుంది. అక్కడి మన తెలుగువాళ్లు ఇల్లు మారేటప్పుడు వాటినే ఆశ్రయిస్తారు. అక్కడి ఇంటి పాలసీలు సాధారణంగా బయట దాచిన సామానుకు, మొత్తం సామాను బీమా పరిమితిలో పదో వంతు దాకా రక్షణ ఇస్తాయి. మన దగ్గర 2020 లాక్‌డౌన్‌లో ఫ్లాట్లు ఖాళీ చేసి సొంతూళ్లకు వచ్చిన ఉద్యోగులతో ఈ గదులకు గిరాకీ పెరిగింది. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలు అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీ ఇంట్లో ఉన్న సామానుకు అగ్ని, వరదల నుంచి రక్షణ ఇస్తుంది. ఇంటి నుంచి వేరే చోటికి తీసుకెళ్లినదానికి ఇవ్వదు. 2023 జులై వానలకు వరంగల్ కాలనీలు మునిగినట్టు మునిగితే, ఇంట్లో ఉన్న బీరువాకు పరిహారం దక్కవచ్చు. అదే బీరువా అద్దె గదిలో ఉంటే ఆ పాలసీ కింద పైసా రాదు.

అందుకే సామాను అప్పగించే ముందే అడగండి: పాలసీ ఎవరి పేరున ఉంది? ఈ గోదాము చిరునామా అందులో ఉందా? వరద నష్టానికి వర్తిస్తుందా? వస్తువుల జాబితా, ఫోటోలు, బిల్లులు మీ దగ్గర పెట్టుకోండి. అద్దె రసీదు చోటుకే. నష్టానికి పరిహారం కావాలంటే పాలసీ విడిగా తీసుకోవాల్సిందే.