పువ్వులా కనిపించే గొల్లభామ: మన చేనుకు పనికొస్తుందా?

అచ్చం పువ్వులా ఉండే తెలుపు, గులాబీ రంగు పురుగు ఫొటోలు మీరు ఫోన్‌లో చూసే ఉంటారు. దాని పేరు ఆర్కిడ్ గొల్లభామ. మలేషియా, ఇండోనేషియా, థాయ్‌లాండ్ వైపు వాన అడవుల్లో ఉంటుంది. ముందు కాళ్ళు ముడిచి దండం పెడుతున్నట్లు కూర్చునే మన చేల గొల్లభామకు దూరపు చుట్టం.

దీని నడిమి, వెనుక కాళ్ళ తొడలు పూరేకుల్లా వెడల్పుగా ఉంటాయి. ఒంటి రంగు కొద్ది రోజుల్లోనే తెలుపు నుంచి గులాబీకి మారగలదు. ఆడది 6-7 సెంటీమీటర్లు, మగది అందులో సగం కూడా ఉండదు. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల మాత్రం ఎరుపు, నలుపు రంగుల్లో చీమలా కనిపిస్తుంది. కుబుసం విడిచాకే పువ్వు వేషం వస్తుంది.

ఇది పువ్వుల మధ్య దాక్కుని వేటాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికి పువ్వు అక్కర్లేదు. పచ్చని ఆకుల మీద ఒంటరిగా కూర్చున్నా కీటకాలు దాన్నే పువ్వనుకుని వచ్చి వాలబోతాయి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మలేషియాలో చేసి, 2014లో ప్రచురించిన పరిశీలనలో, పోల్చి చూసిన అసలు పువ్వు కంటే ఈ పురుగు దగ్గరికే ఎక్కువ కీటకాలు వచ్చాయి. తేనెటీగ కంటికి ఈ రెండింటి రంగులో తేడా తెలియదు.

రైతుకు చిక్కు ఇక్కడే ఉంది. ఇది పిలిచి మరీ తినేది పూలకు వచ్చే కీటకాలను. దోస, కాకర, పొద్దుతిరుగుడు వేసినవారికి తేనెటీగలు తగ్గితే కాయ, గింజ తగ్గుతాయి. పచ్చదోమకో, పేనుబంకకో ఇది విరుగుడు కాదు. పైగా విదేశీ కీటకాలను అనుమతి లేకుండా దేశంలోకి తేవడం 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం కుదరదు. దీని గుడ్లు తెప్పించి ఇస్తామని ఎవరైనా చెబితే డబ్బు పెట్టకండి.

మన గొల్లభామల సంగతి చూద్దాం. పచ్చనివి ఆకుల్లో, గోధుమ రంగువి ఎండు పుల్లల్లో కలిసిపోతాయి. గొంగళి పురుగులు, మిడతలు, రెక్కల పురుగులు, ఏది చిక్కితే అది తింటాయి. తేనెటీగనూ వదలవు, ఒకదాన్నొకటి కూడా తింటాయి. అందుకే వీటి మీదే భారం వేసి చేను చూడటం మానకండి. అలాగని అనవసరంగా మందు కొట్టి చంపుకోవడమూ నష్టమే.

గట్టు మీది కొమ్మలకు ఎండిన నురగ ముద్దలాంటిది గట్టిగా అంటుకుని ఉంటే అది వీటి గుడ్ల సంచి. పురుగు గూడనుకుని గీకేయకండి. కంచె నరికేటప్పుడు ఆ పుల్ల విరిచి పక్క చెట్టుకు కట్టండి. పత్తి కట్టెను మాత్రం దీనికోసం చేలో నిలవ ఉంచవద్దు, గులాబీ రంగు పురుగు అందులోనే దాగుతుంది. గుడ్ల సంచి ఉన్న పుల్ల వరకు తీసి గట్టు మీద పెట్టి, మిగతా కట్టెను ఎప్పటిలాగే ముక్కలు చేయించండి.