మువ్వన్నెల జెండా: ముప్పదియేండ్ల కథ

మన జాతీయ పతాకమును పింగళి వెంకయ్యగారు కల్పించిరని ఆంధ్రులమందరము చెప్పుకొందుము. ఆ మాటలో సత్యము గలదు. కాని జరిగినది జరిగినట్లు చెప్పుకొన్నచో ఆయన కీర్తి తరుగదు సరికదా మరింత స్థిరపడునని నా యభిప్రాయము. ఆ పతాకము ఒక్కనాట, ఒక్క చేత రూపొందినది కాదు. దాని వర్ణములు మారినవి. అంతకంటె ముఖ్యముగా, ఆ వర్ణములకు చెప్పుకొన్న యర్థము మారినది.

ఇరువదవ శతాబ్ది యారంభమున ఈ దేశమందు జెండాలకు కొదువ లేదు. ప్రభుత్వ భవనములపై యూనియన్ జాక్; వైస్రాయి జెండాలో దాని నడుమ భారత నక్షత్ర చిహ్నము. మైసూరువారికి గండభేరుండము, తిరువాన్కూరువారికి శంఖము, నిజాము పసుపు జెండాకు నడుమ తెల్లని వలయము. ఆ వలయము కుల్చా రొట్టె యనియు, వంశమూలపురుషునకు ఒక సాధుపుంగవుడు ప్రసాదించినదనియు ఐతిహ్యము. రాజచిహ్నములలో సింహములు, ఖడ్గములు మెండు. రొట్టెను నెత్తిన పెట్టుకొన్న వంశమును మెచ్చుకొనక తప్పదు. ఏమైనను ఇవి యన్నియు ఏలువారి జెండాలు. ఏలబడువారికి జెండా లేదు.

1906 ఆగష్టు 7న కలకత్తాలోని పార్సీ బాగానులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చారల పతాకము నెత్తిరి. మరుసటి యేడు శ్రీమతి భికాజీ కామా జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరమున సోషలిస్టుల అంతర్జాతీయ సభలో అట్టిదే యొకటి చూపిరి. 1917 నాటి హోంరూలు జెండాలో ఒక మూల యూనియన్ జాక్ నిలిచియే యున్నది. నాటి కోరిక ఎంతవరకో ఆ మూలయే చెప్పుచున్నది.

ఈ నడుమ, 1916లో, వెంకయ్యగారు ముప్పది నమూనాలతో ఒక ఆంగ్ల పుస్తకమును ప్రకటించిరి. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన ఈ మనిషికి పట్టుదల యెక్కువ. ప్రత్తి పరిశోధన వలన పత్తి వెంకయ్య, జపాను భాషా పాండిత్యము వలన జపాన్ వెంకయ్య, తుదకు జెండా వెంకయ్య యనిపించుకొనెను. కాంగ్రెసు సభ జరిగినచోట నెల్ల జెండా మాట యెత్తుచునే యుండెను. మహాత్ముడు ఆ దీక్షను మెచ్చుకొనెనే గాని, ఆ నమూనాలేవియు ఆయన మనస్సును కదిలింపలేదు. కదిలించినది జలంధరుకు చెందిన లాలా హంసరాజు సూచన: స్వరాజ్య పతాకముపై రాట్నముండవలెనని.

1921 మార్చి 31న, ఏప్రిల్ 1న అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనది. ఎరుపు, ఆకుపచ్చ వన్నెలపై రాట్నముతో ఒక జెండా కావలెనని గాంధీజీ వెంకయ్యగారిని కోరెను. మూడు గంటలలో జెండా చేతికి వచ్చినది. ఐనను సభ ముందుంచుటకు కొంచెము ఆలస్యమైనది. ఆ ఆలస్యము మేలే చేసినదని గాంధీజీ ఏప్రిల్ 13 నాటి ‘యంగ్ ఇండియా’లో వ్రాసెను. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు గుర్తైనచో తక్కిన మతములవారి మాట యేమి? వారికై తెలుపు చేరినది. సంఖ్యలో చిన్నవారికి పై వరుస యిచ్చిరి.

ఉద్దేశము ఉదాత్తము. కాని చిక్కు అందే యున్నది. ఒక్కొక్క మతమునకు ఒక్కొక్క రంగు పంచుచు పోయినచో ఆ పంపకమునకు అంతమెక్కడ? తమకును ఒక రంగు కావలెనని సిక్కులు కోరిరి. ఆ కోరిక న్యాయమే. 1931లో ఏడుగురు సభ్యులతో ఒక సంఘము నియమింపబడగా, మన పట్టాభి సీతారామయ్యగారు దానికి సంచాలకులైరి. పతాకమంతయు కాషాయవర్ణమే యుండి, మూలగా రాట్నముండవలెనని వారు సూచించిరి. ఆగష్టులో బొంబాయియందు చేరిన కాంగ్రెసు సంఘము దాని నంగీకరింపక కాషాయము, తెలుపు, ఆకుపచ్చలను నిర్ణయించి, ఈ వన్నెలకు మతములతో సంబంధము లేదని తీర్మానించెను. కాషాయము ధైర్యత్యాగములకు, తెలుపు శాంతిసత్యములకు, ఆకుపచ్చ విశ్వాసశౌర్యములకు గుర్తులైనవి. నా దృష్టిలో మన పతాకము నిజముగా పుట్టినది ఆనాడే. ఆ తీర్మానమును మరచి నేటికిని వన్నెలను మతములకు పంచి చెప్పువారు పదేండ్లు వెనుకకు, 1921కి పోవుచున్నారు.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ పండితుడు తీర్మానము ప్రవేశపెట్టుచు ఖద్దరు పట్టుతో నొకటి, నూలుతో నొకటి రెండు జెండాలు చూపెను. రాట్నమునకు మారుగా సారనాథ స్తంభము నందలి చక్రము నిలిచినది. కారణములలో నొకటి కేవలము ఆచరణకు సంబంధించినది: రాట్నము ఒకవైపు నుండి చూచినచో సరిగా, రెండవవైపు నుండి తిరుగబడి కనిపించును, చక్రమునకు ఆ బాధ లేదు. ఇట్లు చూడగా వెంకయ్యగారిది ఈ పతాకమునకు మొదటి చేయి, కడపటిది కాదు. ఎవరును జెండా మాట తలపెట్టని దినములలో ఏండ్ల తరబడి ఆ మాట నిలిపిన ఘనత మాత్రము మరి యెవ్వరితోను పంచుకొనదగినది కాదు.

ఆగష్టు 15న కృష్ణాజిల్లాలో ఊరూర ఎగిరిన ఆ జెండాయే, సరిహద్దు దాటి నిజాము నేలపై ఎత్తినవానికి నేరమైనది. స్వామి రామానంద తీర్థ ఆ దినమున నిర్బంధింపబడిరి. మూడు గంటలలో జెండా సిద్ధమైన బెజవాడకు కొన్ని ఆమడల దూరమున అది నిర్భయముగా ఎగురుటకు 1948 సెప్టెంబరు 17 దాక వేచియుండవలసి వచ్చినది.