చెంద్రు – పులిపిల్ల

బస్తరు దక్షిణపు కొనయందు కిష్టారము, కొంటా మొదలగు గ్రామములు కలవు. అచట గోండు, దోర్లీ భాషలతోపాటు తెలుగు కూడ వినవచ్చును. అచటినుండి ఉత్తరముగా పోయి ఇంద్రావతిని దాటినచో నారాయణపురమును, దాని చెంత గఢ్ బెంగాల్ అను మురియా గోండుల పల్లెయు వచ్చును. నేడు ఇవి వేర్వేరు జిల్లాలలోనివి. 1950 దశాబ్దములో ఇవన్నియు ఒక్క బస్తరు జిల్లాలోనివే. ఆ జిల్లా నేటి కేరళరాష్ట్రమంత విశాలమైనది. గఢ్ బెంగాల్‌కు చెందిన చెంద్రు మండావి అను బాలునికిని, అతని ఇంట పెరిగిన పులిపిల్లకును గల చెలిమి ఆ దశాబ్దముననే లోకప్రసిద్ధమయ్యెను.

చెంద్రుని తండ్రియు తాతయు ఆ పిల్లను అడవినుండి బుట్టలో తెచ్చి అతనికి ఇచ్చిరని చెప్పుదురు. దానికి టెంబూ అని పేరు. బాలుడును పులిపిల్లయు కలసి తినిరి, కలసి తిరిగిరి, ఒకచోటనే నిద్రించిరి. ఇందు మాయ ఏమియు లేదు. పులిపిల్ల కన్నులు తెరవకయే పుట్టును. రమారమి రెండేండ్లు తల్లిని విడువదు. పొంచుట, దుముకుట మొదలగు విద్యలను ఆటలోనే అభ్యసించును. తల్లి లేనిచో, చేరదీసినవారినే తనవారిగా ఎంచును. పులి తన స్నేహమును గర్జనతో తెలుపదు. ముక్కుతో మెల్లగా బుసకొట్టినట్లు ధ్వని చేయును. తల్లియు పిల్లలును పలుకరించుకొను ఈ ధ్వనినే, మానవుల నడుమ పెరిగిన పులి తన్ను పెంచినవారిని చూచినపుడును చేయును. ఎవరు తనవారో అది ఎరుగును.

కాని పులి పెరుగును. మగపులి రెండువందల కిలోగ్రాములకు మించియు తూగవచ్చును. పసితనమున లాలనగా తోచిన పంజాదెబ్బ, పెరిగినపిమ్మట ప్రాణాంతకము కావచ్చును. కావున ఇట్టి చెలిమికి మొదటినుండియు ఒక గడువు కలదు. ఆ గడువు పిల్లలకు తెలియదు, పెద్దలకు తెలియును.

స్వీడను దేశీయుడైన ఆర్నె సుక్స్‌డార్ఫ్ బస్తరునకు వచ్చి, మురియాల జీవితమును గూర్చి తీసిన చలనచిత్రము 1957లో విడుదలయ్యెను. దానికి రవిశంకర్ సంగీతము కూర్చెను. 1958లో అది కాన్ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. సుక్స్‌డార్ఫ్ భార్య ఆస్ట్రిడ్ తీసిన ఛాయాచిత్రముల పుస్తకము చెంద్రుని, పులిని యూరపు బాలబాలికలకు పరిచయము చేసెను. చెంద్రు స్వీడనుకు కూడ పోయి, వారియింట కొంతకాలముండి, తిరిగి తన పల్లెకు వచ్చెను.

మానవుల యింట ప్రాణిని పెంచుటకు మరియొక ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాలో కలదు. 1931లో విన్‌త్రాప్ కెలాగ్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడును అతని భార్యయు ‘గువా’ అను ఏడున్నర నెలల చింపాంజీని, తమ పదినెలల కుమారుడు డొనాల్డుతోపాటు ఒకేతీరున పెంచిరి. గువా చెంచాతో తినుట నేర్చెను; చెప్పినమాటను మొదట డొనాల్డుకంటె చక్కగా గ్రహించెను; తప్పుచేసినపుడు ముద్దుపెట్టి మన్నింపు కోరెను. మాట మాత్రము దానికి రాలేదు. తొమ్మిది నెలలకు పరిశోధన ముగిసెను. గువాను వెనుకటి చింపాంజీ కేంద్రమునకే పంపివేసిరి. 1933లో, మూడేండ్ల వయసున, అది నిమోనియాతో మరణించెను.

చింపాంజీ వేరు, పులి వేరు. పరిశోధన వేరు, చలనచిత్రము వేరు. కాని రెండింటను ప్రశ్న ఒక్కటియే: పెంచినవాని బాధ్యత ఎంతవరకు? భాగవతమునందలి భరతుడు ఏటిలో పడిన తల్లిలేని లేడిపిల్లను తెచ్చి పెంచి, అంత్యకాలమున దానినే తలచి, లేడియై జన్మించెను. ఈ కథను మోహమునకు హెచ్చరికగా పెద్దలు చెప్పుదురు. ఇందు వేరొక సత్యము కూడ కలదు. చేరదీసిన ప్రాణితోడి ముడి, పని తీరినంతనే విడిపోవునది కాదు.

ఆ ముడి చెంద్రుని ఎన్నడును విడువలేదు. కెమెరాలు వెడలిపోయినవి, అతడు పేదరికముననే జీవితము గడపెను. అర్ధశతాబ్దము గడచినను, పల్లెకు వచ్చినవారు అతనిని పులితో ఆడిన బాలునిగానే చూడగోరిరి. 2013 సెప్టెంబరు 18న జగదల్‌పూరులో అతడు కన్నుమూసెను. తరువాత నయా రాయపూరు జంగిల్ సఫారీలో చెంద్రునికిని పులికిని విగ్రహము నెలకొల్పిరి. విగ్రహమును నిలుపుట సులభము. దగ్గరకు తీసికొన్న ప్రాణిని, అది పులిపిల్ల యైనను మనుష్యుని పిల్ల యైనను, ఆట ముగిసిన మరునాడును కాపాడుట కష్టము.