కామారెడ్డి జిల్లా అగ్నిమాపక సేవలు

కామారెడ్డి జిల్లా అగ్నిమాపక సేవలు తెలంగాణ రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖలో ఒక భాగం. జిల్లా కేంద్రమైన కామారెడ్డితో పాటు ఎల్లారెడ్డి, బాన్సువాడ మొదలైన చోట్ల అగ్నిమాపక కేంద్రాలు కలవు. మంటలను ఆర్పుట, వరదలలోను ఇతర ప్రమాదాలలోను చిక్కుకున్నవారిని రక్షించుట, భవనాలలో అగ్నిభద్రతను పరిశీలించుట, ప్రజలకు అవగాహన కలిగించుట వీటి ముఖ్య విధులు. ఇదే శాఖ హైదరాబాదు మహానగరంలోను, మారుమూల మండలాలలోను పనిచేస్తుంది. అయితే రెండు చోట్ల సమస్య ఒకటి కాదు. నగరంలో ఇరుకు సందులు, ఎత్తైన భవనాలు, పొగ కమ్మిన మెట్లు అడ్డంకి కాగా, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో ప్రధానమైన అడ్డంకి దూరం.

నేపథ్యం

అగ్నిమాపక దళాల చరిత్ర చాలా పాతది. రోము నగరంలో అగస్టస్ చక్రవర్తి క్రీ.శ. 6లో రాత్రివేళ గస్తీ తిరుగుతూ మంటలను ఆర్పే దళాలను ఏర్పాటు చేశాడు. 1666లో లండను నగరం తగలబడిన తరువాత అక్కడి భీమా సంస్థలు సొంత దళాలను నడిపాయి. అగ్నిమాపకం ప్రభుత్వ బాధ్యత అనే భావన అనేక దేశాలలో ఆ తరువాతి కాలంలోనే స్థిరపడింది.

భారతదేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో, పురపాలక సంఘాలకు అప్పగించదగిన అంశాలలో అగ్నిమాపక సేవలు కూడా ఉన్నాయి. ముంబైలో అగ్నిమాపక దళం నగరపాలక సంస్థ అధీనంలోనే ఉన్నది. తెలుగు రాష్ట్రాలలో మాత్రం ఇది రాష్ట్ర ప్రభుత్వ శాఖ. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినపుడు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల సేవలు ఒకే రాష్ట్రం కిందికి వచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడిన తరువాత ప్రత్యేక శాఖ ఏర్పడింది. 2016 అక్టోబరు 11న నిజామాబాదు జిల్లా నుండి కామారెడ్డి జిల్లా ఏర్పడేవరకు ఈ ప్రాంతపు కేంద్రాలు నిజామాబాదు జిల్లా పరిధిలో ఉండేవి.

పరిపాలన, సిబ్బంది

ఈ శాఖ రాష్ట్ర హోం శాఖ పరిధిలోనిది. దీనికి డైరెక్టర్ జనరల్ అధిపతి. ఆయన కింద ప్రాంతీయ అధికారులు, జిల్లా అగ్నిమాపక అధికారులు ఉంటారు. ప్రతి కేంద్రానికి స్టేషన్ ఫైర్ ఆఫీసర్ బాధ్యుడు. ఆయన కింద లీడింగ్ ఫైర్‌మన్‌లు, డ్రైవర్ ఆపరేటర్లు, ఫైర్‌మన్‌లు వంతులవారీగా రాత్రింబగళ్ళు విధులు నిర్వహిస్తారు. డ్రైవర్ ఆపరేటరు బండి నడపడంతో పాటు ప్రమాదస్థలంలో పంపును కూడా నడుపుతాడు. అతడు నీటి ఒత్తిడిని సరిగా నిలపకపోతే ముందు నిలిచిన ఫైర్‌మన్ చేతిలోని గొట్టం పనికిరాదు.

దేశంలో అగ్నిమాపక అధికారుల ఉన్నత శిక్షణకు నాగపూరులో జాతీయ అగ్నిమాపక కళాశాల కలదు. ఇది 1956లో ప్రారంభమైనది.

దూరం, కాలం

అగ్నిమాపక సేవలలో అన్నిటికంటె విలువైనది మొదటి కొద్ది నిమిషాల కాలం. ఫైరింజను పిలుపు అందినది మొదలు పట్టణాలలో 5 నుండి 7 నిమిషాలలోను, గ్రామీణ ప్రాంతాలలో 20 నిమిషాలలోను ప్రమాదస్థలానికి చేరాలని జాతీయ స్థాయి అగ్నిమాపక సలహా సంఘం ప్రమాణంగా సూచించింది.

నీటితో నిండిన బరువైన బండి పల్లె రోడ్డుపై గంటకు సగటున 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళినా, 20 నిమిషాలలో పోగలిగేది సుమారు 13 కిలోమీటర్లు మాత్రమే. కామారెడ్డి జిల్లా వైశాల్యం 3,652 చదరపు కిలోమీటర్లు. కామారెడ్డి నుండి తాడ్వాయి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి సుమారు 40 కిలోమీటర్ల దూరం, అనగా అదే వేగంతో ఒక గంట ప్రయాణం. ఒక గడ్డివాము గాని, పూరిల్లు గాని పూర్తిగా కాలిపోవడానికి అంత సమయం అక్కరలేదు. ఎల్లారెడ్డిలో ప్రత్యేక కేంద్రం అవసరం ఈ లెక్కను బట్టి తెలుస్తుంది. కేంద్రం ఉన్నప్పటికీ దానికి దూరంగా ఉన్న గ్రామాలలో, బండి వచ్చేలోపు గ్రామస్తులు చేసే పనిపైనే నష్టం ఎంత అనేది ఆధారపడి ఉంటుంది.

నీరు, వాహనాలు

సాధారణంగా వాడే ఫైరింజనులో సుమారు 4,500 లీటర్ల నీరు పడుతుంది. నిమిషానికి 450 లీటర్ల చొప్పున రెండు గొట్టాలతో చిమ్మితే ఆ నీరు 5 నిమిషాలలో అయిపోతుంది. అందువలన దగ్గరలో చెరువు, బావి లేదా బోరు ఎక్కడ ఉన్నదో, అక్కడికి బండి వెళ్ళే దారి ఉన్నదో లేదో తెలిసి ఉండటం ముఖ్యం. గ్రామ పంచాయతీల నీటి ట్యాంకర్లు, రైతుల మోటార్లు ఇటువంటి సమయంలో ఎంతో ఉపయోగపడతాయి.

ఇరుకు సందులలోకి వెళ్ళడానికి మోటారు సైకిలుపై అమర్చిన నీటి తుంపర యంత్రాలను శాఖ ప్రవేశపెట్టింది. హైదరాబాదులో ఎత్తైన భవనాల కొరకు 54 మీటర్ల ఎత్తు వరకు చేరగల బ్రాంటో స్కైలిఫ్ట్ వాహనాన్ని సమకూర్చారు.

ఈ ప్రాంతంలో అగ్నిప్రమాదాలు

వ్యవసాయ ప్రాంతం కావడంతో గడ్డివాములు, పశువుల కొట్టాలు, చెరుకు తోటలు, కోత పూర్తయిన వరి మళ్ళు వేసవిలో తరచు ప్రమాదానికి గురయ్యే అవకాశమున్నది. వరి కొయ్యకాళ్ళకు పెట్టిన నిప్పు గాలికి పక్క చేనులోకి, అక్కడి పైపులకు, మోటార్లకు పాకుతుంది. కాలుతున్న గడ్డివాముపై పైపైన నీరు చల్లితే సరిపోదు. లోపల నిప్పు రగులుతూనే ఉంటుంది కాబట్టి గడ్డిని విడదీసి తడపాలి. ఈ పనికి గ్రామస్తుల సహాయం తప్పనిసరి.

ఎల్లారెడ్డి వైపు అడవులు, పోచారం వన్యప్రాణి అభయారణ్యం ఉన్నాయి. తెలంగాణ అడవులలో ఇప్పపువ్వు ఏరేవారు, తునికాకు సేకరించేవారు ఎండుటాకులకు నిప్పు పెట్టడం అడవి మంటలకు ఒక కారణం. అడవిలోపలి మంటలను ఆర్పే బాధ్యత ప్రధానంగా అటవీ శాఖది. అవి ఊళ్ళ వైపు వచ్చినపుడు అగ్నిమాపక సిబ్బంది తోడ్పడతారు.

కామారెడ్డి పట్టణం 44వ జాతీయ రహదారిపైన, హైదరాబాదు–నిజామాబాదు రైలు మార్గంపైన ఉన్న వ్యాపార కేంద్రం. బెల్లం వ్యాపారానికి పూర్వం నుండి పేరు పొందినది. దుకాణాలు, గోదాములు పెరిగినకొద్దీ నగరంలోని ప్రమాదాల వంటివే ఇక్కడా కనిపిస్తున్నాయి. 2023 డిసెంబరులో పట్టణంలోని ఒక షాపింగ్ మాల్‌లో భారీ అగ్నిప్రమాదం సంభవించింది. 2022 ఏప్రిల్‌లో పొరుగున ఉన్న నిజామాబాదులో, ఇంటిలో ఛార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు.

2025 ఆగస్టు వరదలు

అగ్నిమాపక శాఖ పని మంటలకే పరిమితం కాదని ఈ జిల్లా ప్రజలు 2025లో ప్రత్యక్షంగా చూశారు. ఆ సంవత్సరం ఆగస్టు 27న, వినాయక చవితి నాడు, జిల్లాలో అసాధారణమైన వర్షం కురిసింది. రాజంపేట మండలం అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైనది. కామారెడ్డి పట్టణంలో కాలనీలు నీట మునిగాయి. జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి. రైలు కట్ట కోతకు గురై రైళ్ళు ఆగిపోయాయి. నాగిరెడ్డిపేట వద్ద నిజాం పాలనలో నిర్మించిన పోచారం ప్రాజెక్టు మీదుగా వరద పొంగి ప్రవహించింది.

ఎల్లారెడ్డి మండలంలో బొగ్గుగుడిసె వద్ద వరదలో చిక్కుకున్న కార్మికులు నీటి ట్యాంకరు పైకెక్కి ప్రాణాలు కాపాడుకోగా, రాష్ట్ర విపత్తు స్పందన దళం వారిని రక్షించింది. ఈ దళాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఏర్పాటు చేసింది. అగ్నిమాపక శాఖ పేరులో విపత్తు స్పందన అనే మాట చేరడంలోని అర్థం ఇటువంటి సంఘటనల వలన తెలుస్తుంది. పడవ, తాడు, లైఫ్ జాకెట్ కూడా ఫైర్‌మన్ పనిముట్లే.

హైదరాబాదు నగర అనుభవం

హైదరాబాదు, సికిందరాబాదులలో ఇటీవలి ప్రమాదాలు అగ్నిమాపక సేవల పరిమితిని చూపుతాయి.

2022 మార్చి 23: బోయిగూడలోని తుక్కు గోదాములో 11 మంది బీహారు కార్మికులు మరణించారు.
2022 సెప్టెంబరు 12: సికిందరాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణంలో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి వ్యాపించి 8 మంది మరణించారు.
2023 మార్చి 16: సికిందరాబాదు స్వప్నలోక్ భవన సముదాయంలో ఆరుగురు మరణించారు.
2023 నవంబరు 13: నాంపల్లి బజార్‌ఘాట్‌లో రసాయనాలు నిలువ చేసిన నివాస భవనంలో 9 మంది మరణించారు.
2025 మే 18: చార్మినారు సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక ఇంటిలో 17 మంది మరణించారు. వీరిలో 8 మంది పిల్లలు.

ఈ ప్రమాదాలలో పదే పదే కనిపించే అంశాలు రెండు. కింది అంతస్తులో మండే సరుకు, పైన మనుషులు ఉండటం మొదటిది. బయటపడడానికి ఒకే ఇరుకు మెట్లదారి ఉండటం రెండవది. అగ్నిప్రమాదాలలో కాలిన గాయాలకంటె పొగ పీల్చి ఊపిరాడక మరణించేవారే ఎక్కువ. నగరంలో ఫైరింజను దగ్గరలోనే ఉండవచ్చు. కాని లోపలివారికి బయటకు దారి లేనపుడు అది వచ్చేసరికే ఆలస్యమవుతుంది. పల్లెలో దూరం చేసే నష్టాన్ని నగరంలో భవన నిర్మాణమే చేస్తున్నది. కింద దుకాణం, పైన నివాసం ఉండే భవనాలు కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలలోను సాధారణమే కాబట్టి ఈ అనుభవం ఇక్కడివారికి కూడా వర్తిస్తుంది.

చట్టం

ఈ సేవలకు ఆధారం 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం. దీనిని తెలంగాణ రాష్ట్రం తనకు అన్వయించుకున్నది. దీని ప్రకారం 18 మీటర్లకు మించిన నివాస భవనాలకు, 15 మీటర్లకు మించిన వాణిజ్య భవనాలకు శాఖ నుండి నిరభ్యంతర పత్రం పొందాలి. పాఠశాలలు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు మొదలైన జనం గుమికూడే భవనాలకు, స్థలం 500 చదరపు మీటర్లు గాని, ఎత్తు 6 మీటర్లు గాని దాటితే ఇది అవసరం.

చిన్న పట్టణాలలోని అనేక దుకాణాలు, ఇళ్ళు ఈ ఎత్తులకు లోబడి ఉంటాయి. అటువంటి భవనాలలో రెండవ దారి ఉంచడం, మెట్ల కింద సరుకు పేర్చకపోవడం యజమాని విచక్షణపైనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

ప్రజాజీవితంలో పాత్ర

గణేశ నిమజ్జనాల వద్ద, జాతరలలో, పెద్ద సభలలో అగ్నిమాపక సిబ్బంది బందోబస్తులో పాల్గొంటారు. దీపావళికి బాణసంచా దుకాణాలు పెట్టేవారు శాఖ అనుమతి పొందవలసి ఉంటుంది. ప్రమాదానికి హాజరైన తరువాత శాఖ ఇచ్చే ధ్రువపత్రం, భీమా కోరే వ్యాపారికి ముఖ్యమైన ఆధారం.

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ప్రత్తి బేళ్ళు, ప్రేలుడు పదార్థాలతో ఉన్న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకుని పేలిపోయింది. ఆ మంటలార్పుతూ మరణించిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది స్మృత్యర్థం ఈ వారోత్సవాలు జరుపుతారు. ఈ రోజులలో సిబ్బంది పాఠశాలలకు, ఆసుపత్రులకు, బస్టాండులకు వెళ్ళి గ్యాస్ సిలిండరు మంటలను ఆర్పే విధానాన్ని ప్రదర్శిస్తారు. గ్రామీణ ప్రాంతాలకు ఈ ప్రదర్శనలు మరింత అవసరం. బండి వచ్చేలోపు చేయవలసిన పని అక్కడివారే చేయవలసి ఉంటుంది గనుక.

ప్రజలు తెలుసుకోవలసిన విషయాలు

అగ్నిమాపక కేంద్రాన్ని 101 సంఖ్యకు ఫోను చేసి పిలవవచ్చు. 112 అత్యవసర సంఖ్య ద్వారా కూడా సమాచారం ఇవ్వవచ్చు.
ఫోనులో గ్రామంతో పాటు మండలం పేరు, దగ్గరి గుర్తు తప్పక చెప్పాలి. ఉదాహరణకు ఈ జిల్లాలోనే ఎల్లారెడ్డి పట్టణం, సదాశివనగర్ మండలంలోని అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామం వేరువేరుగా కలవు.
కాలుతున్నది ఏమిటో, లోపల మనుషులు ఉన్నారో లేదో చెప్పాలి. ఒక మనిషి రోడ్డు మొగదలలో నిలిచి బండికి దారి చూపాలి.
విద్యుత్తు నిలిపివేయకుండా నీరు చల్లరాదు. నూనె మంటపై నీరు పోయరాదు, మూతతో గాని తడిపి పిండిన మందపాటి గుడ్డతో గాని కప్పాలి.
పొగలో నిలబడి నడవరాదు. నేలకు దగ్గరగా గాలి కొంత శుభ్రంగా ఉంటుంది కాబట్టి వంగి గాని ప్రాకి గాని బయటకు రావాలి.
బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లాలి.
సామాను కొరకు తిరిగి లోపలికి వెళ్ళరాదు.