సాన్ ఆండ్రియాస్ భ్రంశం: నేల నడకను కొలిచిన చరిత్ర

కాలిఫోర్నియాను సుమారు 1,200 కిలోమీటర్ల మేర చీల్చుకుంటూ పోయే సాన్ ఆండ్రియాస్ భ్రంశం, అనగా రెండు శిలాఫలకాలు ఒకదాని పక్కగా మరొకటి జరిగే పగులు, 1906 ఏప్రిల్ 18 నాటి శాన్ ఫ్రాన్సిస్కో భూకంపంతో లోకప్రసిద్ధమైంది. అయితే శాస్త్రానికి అక్కరకు వచ్చినవి అంతకు అర్ధశతాబ్దం ముందు రాసిపెట్టిన కొలతలు. 1850ల నుంచి అమెరికా తీర సర్వే శాఖ కొండ శిఖరాలపై గుర్తులు నాటి, వాటి మధ్య కోణాలు కొలిచి, ఆ ప్రాంతాన్నంతా త్రిభుజాల గొలుసుగా పటంలోకి ఎక్కించింది. నౌకాయానం కోసం సాగిన ఈ పనిలో భూకంపాల ఊసే లేదు. అదే శాఖకు చెందిన హేఫర్డ్, బాల్డ్విన్‌లు భూకంపం తరువాత ఆ గుర్తులనే తిరిగి కొలిపించి, పాత కొలతలతో పోల్చగా, పగులుకు దగ్గరి బిందువులు మీటర్ల మేర జరిగాయనీ, దూరాన సముద్రంలో ఉన్న ఫారలాన్ దీపస్తంభం భూకంపానికి ముందే స్థానం మారిందనీ తేలింది. ఒరిపిడి వల్ల పగులు వద్ద అతుక్కుపోయిన రాయి, ఇరువైపుల నేల జరిగేకొద్దీ వంగుతూ, చివరకు తెగి నిటారవడమే భూకంపమని భూభౌతిక శాస్త్రవేత్త హ్యారీ ఫీల్డింగ్ రీడ్ 1910లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఆధారం ఈ రెండో సంగతే.

పగులు అన్నిచోట్లా అతుక్కుని ఉండదు. హోలిస్టర్ పట్టణానికి దక్షిణాన సరిగ్గా భ్రంశం మీదనే కట్టిన ఒక వైన్ కర్మాగారంలో గోడలు బీటలు వారి, కాంక్రీటు నేల పలకలు పక్కకు తప్పుకోవడం 1956లో గమనించారు. భూకంపమేమీ లేకుండానే అక్కడి నేల ఏటా సుమారు ఒక సెంటీమీటరు జరుగుతోంది. ఈ నిశ్శబ్ద చలనాన్నే ‘క్రీప్’ అంటారు.

1980లలో జీపీఎస్ వచ్చాక కొండ మీది నుంచి కొండ కనబడాలన్న నిబంధన పోయింది. ఫోనులోని జీపీఎస్ మీటర్ల తేడాతో సరిపెట్టుకోగా, సర్వే పరికరం ఉపగ్రహ సంకేతాన్ని మోసుకొచ్చే సుమారు 19 సెంటీమీటర్ల తరంగంలో ఏ భాగం తనను చేరిందో గుర్తించి, రోజంతటి కొలతలను కలిపి స్థానాన్ని మిల్లీమీటర్లలో చెబుతుంది. యాంటెన్నాను నేల పైపొరపై నిలిపితే వానకు ఉబ్బి ఎండకు కుంగే మట్టి కదలికే లెక్కకెక్కుతుంది కనుక, ఉక్కు గొట్టాలను ఏటవాలుగా లోతుకు దించి, పైన ఒకచోట అతికి, ఆ కొస మీద యాంటెన్నాను బిగిస్తారు. ఇంత జాగ్రత్త పడ్డాకనే మధ్య కాలిఫోర్నియాలో భ్రంశపు దీర్ఘకాలిక వేగం ఏటా సుమారు 35 మిల్లీమీటర్లన్న అంచనాకు బలం చేకూరింది.

కొలత వేరు, జోస్యం వేరు. ఇదే భ్రంశం మీది పార్క్‌ఫీల్డ్ వద్ద 1993లోగా రావచ్చునని 1980లలో అంచనా కట్టిన భూకంపం, భూమి మీద అరుదుగా కనిపించేంత దట్టంగా పరికరాలు కాపు కాసినా, 2004 సెప్టెంబరు 28న, స్పష్టమైన ముందస్తు కదలిక ఏదీ వాటికి చిక్కకుండానే వచ్చింది.