ముక్కనుమ పొద్దున

ముక్కనుమ. పొద్దున్న ఆరు కావస్తోంది. దొడ్డి గుమ్మం వైపు నుంచి రండి, తల కాస్త వంచండి, ద్వారబంధం పొట్టిది. అమలాపురానికి దగ్గర్లో, కొబ్బరిచెట్ల మధ్య ఉన్న మా పెద్దమ్మ ఇల్లు ఇది. నిన్న ఈ వరండాలో మూడు బంతులు లేచాయి. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, కూతుళ్లూ అల్లుళ్లూ ఎవరూ కదల్లేదు. ఇవాళ అందరికీ ప్రయాణాలే. పదకొండింటికి హైదరాబాదు కారు. ఈ వంటగదిలో తప్ప ఇల్లంతా ఇంకా నిద్రే.

పెద్దమ్మ పీట మీద కూర్చుని గిన్నెల మీద మూతలు ఒక్కొక్కటే తీస్తోంది. ప్రతి గిన్నెకీ ముందు ముక్కు, ఆ తర్వాతే చెయ్యి. ముద్దపప్పు బాగుంది. దప్పళం మరీ బాగుంది. కొబ్బరి పచ్చడి దగ్గర మాత్రం ఆగింది. ఇంకోసారి వాసన చూసి కోడలి వైపు జరిపింది.

"కొంచెమే కదండీ అత్తయ్యా, మళ్లీ తాలింపు పెడితే?"

"వాసన మారినదానికి తాలింపు పెడితే తాలింపు కూడా దండగే అమ్మాయ్. పారబొయ్యి."

పచ్చి కొబ్బరి తడిగా ఉంటుంది, పులుపూ తక్కువే. రాత్రంతా బయటుంటే నిలవదు. దాని పక్కనే ఉన్న పులిహోర చూడండి, గింజ గింజగా నిన్నటికంటే కమ్మగా ఉంది. చింతపండు పులుపూ నూనే దాన్ని కాపాడాయి. దానికి కొత్త వేషం ఏమీ అక్కర్లేదు, అలాగే స్టీలు డబ్బాలోకి ఎత్తడమే.

మిగిలినవాటితో చేసే వంట అంటాం గానీ, ఈ వంట నిన్ననే మొదలైంది. నిన్న బంతి వెయ్యకముందే పెద్దమ్మ వండినదాంట్లో కొంత వేరే గిన్నెల్లోకి తీయించింది. వడ్డించే గరిటె ఆకుకి తగలనివ్వలేదు. తడి చెయ్యి ఎక్కడా పడనివ్వలేదు. రాత్రి పాలు రోజూకంటే రెట్టింపు తోడుపెట్టింది. ఎంగిలి అన్న మాటని పాతకాలపు పట్టింపుగా కొట్టిపారేస్తారు కొందరు. పండగ మర్నాడు ఈ గదిలో నిలబడితే ఆ పట్టింపు ఎన్ని గిన్నెల్ని నిలబెట్టిందో తెలుస్తుంది.

ఇక గారెలు. ఇరవై మూడు మిగిలాయి. ఒకటి చేతిలోకి తీసుకోండి. నిన్న కరకరలాడినది, ఇవాళ పైన తోలులా సాగుతోంది, లోపల బిరుసెక్కింది. మళ్లీ నూనెలో వేస్తే ఇంకా గట్టిపడుతుంది. పెద్దమ్మ వెడల్పాటి గిన్నెలో వేడినీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి, గారెల్ని ఒక వరసలో పరిచింది. వంగి చూడండి. ఒక్కో గారె ఒంటి నిండా సన్నటి బుడగలు లేస్తున్నాయి. నిన్న పిండి రుబ్బి బాగా గిలకొట్టినప్పుడు లోపల చేరిన గాలి అది. ఆ గాలి వదిలిన చోటల్లా నీరు చేరుతోంది. పైన నూనె తెట్టు కట్టింది. పది నిమిషాలకి రాయిలా ఉన్న గారె దూదిలా అయింది.

ఇప్పుడే జాగ్రత్త. కోడలు ఒకదాన్ని పిడికిట్లో పట్టి పిండబోయింది, అంచు విరిగింది. "పిండకూడదు, నొక్కాలి," అంటూ పెద్దమ్మ గారెని రెండు అరచేతుల మధ్య పెట్టి అప్పడం వత్తినట్టు మెల్లగా నొక్కింది. నీళ్లు కారిపోయాయి, గారె గుండ్రంగానే ఉంది. చిలికిన పెరుగులో అల్లం, పచ్చిమిర్చి ముద్ద, ఉప్పు. గారెలు మునిగేదాకా పోసింది. ఆవాలు, మినప్పప్పు, ఇంగువ, కరివేపాకు తాలింపు కాస్త వేడి తగ్గాక పైన వేసింది. మూత పెట్టి పక్కన పెట్టేసింది. పదిన్నరదాకా ఎవరూ ముట్టుకోకూడదు.

బూరెలకి కలిపిన తోపు పిండి రాత్రికి కాస్త పులిసింది. ఉల్లిపాయ, జీలకర్ర పడి పెనం మీద అట్లవుతోంది. పిల్లలు ఆ వాసనకే లేచి వస్తున్నారు. పూర్ణం ముద్ద ఫ్రిజ్‌లో బిగుసుకుంది. నెయ్యి వేసి వెచ్చబెడితే వేళ్లకి లొంగింది. గంట ముందే నూనెలో నానబెట్టిన మైదాపిండిలో పెట్టి అరిటాకు మీద వత్తుతోంది కోడలు. నిన్నటి బూరె ఇవాళ బొబ్బట్టుగా హైదరాబాదు వెళ్తుంది. ముద్దపప్పులో చింతపండు రసం పడింది, పప్పుచారు అయింది. దప్పళాన్ని గరిటె పెట్టకుండా మరగనిచ్చారు. గుమ్మడి ముక్క లోపలిదాకా పులుపూ బెల్లమూ పట్టింది. నా మటుకు నాకు దప్పళం అంటే రెండో రోజుదే.

అన్నం సంగతి వేరు. దాన్ని గిన్నెలో వదిలేసి పొద్దున్న వేపితే సరిపోతుందనుకోవడం ప్రమాదం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వెచ్చటి అన్నంలో గంటల తరబడి ఉంటే పెరిగి విషం పుట్టిస్తాయి, అది మళ్లీ వేడిచేసినా పోదు. పెద్దమ్మకి ఆ పేరు తెలియదు. రాత్రి అన్నం గోరువెచ్చగా ఉండగానే కుండలో వేసి, కాచిన పాలు పోసి, పెరుగు చుక్కతో తోడుపెట్టేసింది. పులుపెక్కే అన్నంలో అలాంటివి తేలిగ్గా పెరగలేవు. ఇప్పుడు మూత తీస్తే మీగడ కట్టిన తోడన్నం. ఉల్లిపాయ ముక్క నంజుకుని పెదనాన్న అప్పుడే రెండోసారి వేయించుకుంటున్నారు.

పదిన్నరైంది. వాకిట్లో కారు హారన్. పెద్దమ్మ గారెల గిన్నె మూత తీసి, ఒకదాన్ని మధ్యకి తుంచి కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. అంచు నుంచి నడుమదాకా తెల్లగా, తడిగా, ఎక్కడా పొడి లేదు. సగం కోడలి నోట్లో పెట్టింది.

"డబ్బాలు తియ్యమ్మాయ్. కిందది పెరుగుది, పైది బొబ్బట్లది. ఒరగనివ్వద్దని చెప్పు."