నెటాలు తీరమున బస

దక్షిణాఫ్రికాలోని డర్బను పట్టణమున సముద్రమునకు ఎదురుగా నున్న ఒక చిన్న హోటలులో నేను దిగిననాడు, ముందుబల్ల యొద్ద కూర్చున్న యువతి రిజిస్టరు తెరచి నా యెదుట పెట్టెను. పేరు, ఊరు, వచ్చిన తేది, వెళ్ళు తేది: నాలుగే గడులు. ఊరన్న గడిలో మధురానగరము, హైదరాబాదు అని వ్రాసి కలము తిరిగి యిచ్చితిని. నాకు అరనిమిషము పట్టని ఆ పని, అనగా తన పేరు తన చేతితో వ్రాసి, వెల చెల్లించి, ఆ యొడ్డున ఒక రాత్రి అతిథియై నిద్రించుట, ఆ పట్టణపు వీథులను ఊడ్చి, ఆ రేవున బరువులు మోసి, ఆ నేలపై చెరకు పండించిన తెలుగువారికి ఎన్ని తరముల పాటు దుర్లభమై యుండెనో తలచినకొలది, ఆ రిజిస్టరు నాకొక చరిత్రగ్రంథమువలె తోచెను.

మధురానగరమున కాపురముండువాడు క్రొత్తయూరికి పోయినప్పుడు కోటలకంటె, గోపురములకంటె ముందుగా బసలను పరికించుట సహజము. అమీర్‌పేటలో ఉద్యోగపు శిక్షణలకై జిల్లాల నుండి వచ్చు బాలబాలికల కొరకు మా వీథులలో ఎన్నియో ఇండ్లు హాస్టళ్ళుగా మారినవి. ఒక్కొక్క గదిలో మూడు నాలుగు మంచములు, మంచము క్రింద పెట్టె, వసారాలో తడిబట్టలు, పొద్దుపోయిన తరువాత మెట్లమీద కూర్చుండి ఇంటివారితో ఫోనులో మెల్లగా మాటలాడుకొను ఒక కంఠము. పరాయియూరిలో మొదటి రాత్రి మనుష్యుడు ఎచ్చట తల వాల్చెనో తెలిసినచో, ఆ యూరు అతనిని ఏ కంటితో చూచినదో తెలియునని నా నమ్మకము. మనకు సత్రమున్నది, విడిది యున్నది, డబ్బు పుచ్చుకొని కడుపునిండ పెట్టు పూటకూళ్ళ యిల్లున్నది. ఈ మాటలలో ఏ యొక్కదానికిని తగనట్టి బస డర్బనులో మనవారికి ప్రథమమున లభించినది.

నా గది మూడవ అంతస్తున నుండెను. ఉప్పుగాలికి కిటికీ ఊచలు త్రుప్పుపట్టినవి, పరుపు గట్టిది, స్నానపు గదిలో నీరు వేడెక్కుటకు కొంత ఓర్పు వలయును. కాని కిటికీ తెరచినచో సముద్రము తప్ప వేరొకటి కనబడదు. దూరమున రేవులోనికి పిలుపు రాని ఓడలు వరుసగా నిలిచియుండును. క్రింద పూసలు కూర్చిన కొమ్ముల కిరీటములు ధరించిన జూలూ రిక్షావారు బాటసారులను పిలుచుచుందురు. ఉదయమున మేల్కొనుసరికి సూర్యుడు నీటినుండి లేచుచుండెను. కళింగపట్టణమునగాని, భీమునిపట్టణమునగాని, మచిలీపట్టణమునగాని పెరిగినవానికి సముద్రమనగా తూర్పు, తూర్పనగా సముద్రము. దేశము విడిచి, భాషను క్రమముగా మరచి, ఊరి పేరును సైతము పోగొట్టుకొనిన మనవారికి ఈ యొక్క దిక్కు మాత్రము తప్పిపోలేదని ఆ ఉదయమున గ్రహించితిని. అదే హిందూమహాసముద్రము, నాడు దాని ఆవలి యొడ్డున విడిచివచ్చిన యిల్లు ఏ దిక్కున నున్నదో వారు ఎవరిని అడుగవలసిన పని లేకుండెను.

డర్బను పట్టణమున్న నెటాలు ప్రాంతములో చెరకుతోటల యజమానులకు కూలీలు కావలసివచ్చినప్పుడు 1859లో ఒక చట్టము పుట్టినది. మరుసటి యేడు అక్టోబరులో మదరాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 342 మందితో 1860 నవంబరు 16వ తేదిన డర్బను చేరెను. అందలి వారిలో అధికులు తమిళులు, తెలుగువారు. మన తీరవాసులకు సముద్రయానము క్రొత్త గాదు. కాకినాడ నుండియు, విశాఖపట్టణము నుండియు రంగము, అనగా బర్మా, పోయి నాలుగు డబ్బులు సంపాదించి తిరిగివచ్చుట వారికి తెలిసిన దారి. నెటాలు దారి వేరు. దానికి మదరాసు డిపో మీదుగా పోవలెను. ఒడంబడికపై వ్రేలిముద్ర వేయవలెను. మొదటి సంవత్సరము నెలకు పది షిల్లింగులు జీతము, తరువాత ఏటికొక షిల్లింగు హెచ్చు, తిండియు బసయు యజమానునివి. ఒడంబడికకు ఆంగ్లమున నున్న మాట మనవారి నోట గిరిమిట్టు అయినది. 1911లో ఈ రవాణా ఆగిపోవు నాటికి ఇట్లు వచ్చినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మదరాసు రేవున ఓడ యెక్కినవారు.

డర్బను రేవు ముఖమున ఇసుకతిన్నె యొకటి నీటి క్రింద అడ్డముగా నుండెడిది. పెద్ద ఓడలు దానిని దాటజాలక వెలుపలనే లంగరు వేయగా, మనుష్యులను చిన్న పడవలలోనికి దింపెడివారు. ఆ తిన్నెను త్రవ్వి, పెద్ద తపాలా ఓడ నేరుగా లోనికి వచ్చుటకు 1904 వరకు ఆగవలసివచ్చినది. తొలి ఓడవారు దిగునాటికి వారికొరకు కట్టుచున్న బారకాసులు పూర్తి కాలేదు. తాతముత్తాతలెవ్వరు చూడని నేలమీద మొదటి రాత్రి సగము కట్టిన గోడల మధ్య గడచినది. ఎవ్వరును వారిని పేరు వ్రాయుమని కోరలేదు. వారి పేర్లను ఇతరులే వ్రాసిరి. ఓడజాబితాలో గడులు నాలుగు గావు: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముపై గుర్తులు. ఆ సంఖ్యయే అటుపై మనిషికి ముఖ్యనామము. వ్రాయువానికి తెలుగు రాదు, చెప్పువానికి ఆంగ్లము రాదు. అందుచే విశాఖపట్టణపు, గంజాము, గోదావరి, ఉత్తరార్కాటు మండలముల పల్లెలు ఆ పుటలలో గుర్తింపరాని రూపములు దాల్చినవి. ఇంటిపేర్లు సైతము అట్లే నశించి, సింహాచలేశుని పేరుతో తల్లిదండ్రులు పెట్టుకొనిన అప్పలస్వామి యను ముద్దుపేరు నేడు డర్బనులో మనుమల మునిమనుమల ఇంటిపేరై నిలిచినది.

గిరిమిట్టు తీరినవారిలో కొందరు తిరిగిపోయిరి, పెక్కుమంది నిలిచిరి. కూరగాయలు పండించి గంపలతో ఇంటింట అమ్మిరి, రైలుపట్టాలు వేసిరి, బొగ్గుగనులలో దిగిరి. 1880 ప్రాంతమున డర్బను నగరసభ తన భారతీయ పనివారికై మ్యాగజీన్ బారక్సు అను గదుల వరుసలను నెలకొల్పెను. తెలుగు, తమిళ కుటుంబములు వందలుగా అందు జీవించెను. ఆ పట్టణపు వీథులను తెల్లవారకముందే ఊడ్చినది వారే. ఇరుకు గదులు, ఉమ్మడి కుళాయిలు, గాలి మళ్ళినప్పుడు వినవచ్చు సముద్రఘోష. ఆ ఘోష వారి హక్కు కాదు గాని దానిని ఎవ్వరును ఆపజాలకపోయిరి. 1960 తరువాతి యేండ్లలో ఆ నివాసములను ఖాళీ చేయించి, వారిని సముద్రమునకు దూరముగా కొండవాలులపై కట్టిన చాట్స్‌వర్తునకు తరలించినప్పుడు, వారు పోగొట్టుకొనిన వానిలో ఆ ఘోష యొకటి.

తీరమున మనవారికి చోటే లేకుండెనా యందురా? ఉండెను, పనివారిగా. ఈ విషయము నా హృదయమును మిక్కిలి కలచినది గనుక దీనిని కొంత విస్తరించి చెప్పవలయును. గిరిమిట్టు తీరిన పల్లెకారులు డర్బను అఖాతములోని శాలిస్‌బరీ దీవిపైనను, ఒడ్డునను గుడిసెలు వేసికొని చేపలు పట్టుటకు ఆరంభించిరి. వారు లాగిన వల మన తీరమున అలివి వల యని పిలువబడు వలయే: ఒక కొసను ఒడ్డున నిలిపి, పడవపై నీటిని అర్ధచంద్రాకారముగా చుట్టివచ్చి, రెండు కొసలను మనుష్యులు వరుసకట్టి పాదములు ఇసుకలో దిగవేసి లాగుదురు. జూన్, జూలై మాసములలో దక్షిణమునుండి కవళ్ళ గుంపులు తీరము వెంబడి వెండిమేఘములవలె వచ్చు కాలమున ఆ వలల బరువు చెప్పనలవి కాదు. ఆడింగ్టన్ తీరమున తెల్లవారికి మాత్రమే స్నానమునకు, విహారమునకు అనుమతి యున్న రోజులలో సైతము ఈ వలలు అక్కడనే లాగబడెను. త్రాడు పట్టిన చేతికి అనుమతి కలదు, ఆ చేతితోనే బిడ్డను నడిపించుకొని వచ్చి అలలు చూపుటకు లేదు.

హోటళ్ళ కథయు ఇంతే. తీరమునందలి పేరుమోసిన హోటళ్ళ భోజనశాలలలో తెల్లని దుస్తులతో వడ్డనచేసినవారు దశాబ్దముల తరబడి భారతీయులే. ఏ అతిథికి ఏ పానీయమిష్టమో, ఏ గది కిటికీనుండి సూర్యోదయము చక్కగా కనబడునో వారికి తెలిసినట్లు మరెవ్వరికి తెలియదు; ఆ గదిలో ఒక రాత్రి పరుండుటకు మాత్రము వారికి యోగ్యత లేదు. 1893లో గాంధీ మహాశయుడు దక్షిణాఫ్రికా చేరిన క్రొత్తలో జోహాన్స్‌బర్గునందలి గ్రాండ్ నేషనల్ హోటలునకు పోయి గది యడుగగా, నిర్వాహకుడు ఆయనను ఎగాదిగ చూచి ఖాళీ లేదనెను; ఆ సంగతి విన్న అచ్చటి భారతీయ వర్తకుడు అబ్దుల్ గనీ సేఠు నవ్వి, హోటలులో మనలను రానిత్తురని ఎట్లనుకొంటివని ప్రశ్నించెను. ప్రిటోరియాలో జాన్‌స్టన్ అను అమెరికా దేశీయుడు తన హోటలులో చోటిచ్చెను గాని, తక్కిన అతిథులు ఏమందురో యని మొదట భోజనము గదిలోనే చేయుమని కోరెను. గాంధీ తన ఆత్మకథలో ఈ ఘట్టములను వ్రాసినాడు. మారిట్జ్‌బర్గులో ఆయనను రైలునుండి దింపివేసిన ఘటనను లోకమంతయు స్మరించును. హోటలు గుమ్మమున జరిగినదానిని స్మరించువారు తక్కువ. నా దృష్టిలో ఈ రెండవది తక్కువ గాయము గాదు.

రాజ్యముల మధ్య ఒడంబడికల ఫలితముగా భారతప్రభుత్వపు ఏజెంటు ఒకరు దక్షిణాఫ్రికాలో నివసించు ఏర్పాటు జరిగి, ముందు శ్రీనివాసశాస్త్రిగారును, పిదప 1929 నుండి 1932 వరకు మన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారును ఆ పదవి నిర్వహించిరి. వెంకటరెడ్డి నాయుడుగారు అక్కడ నుండగనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ స్థాపితమయ్యెను. అప్పటికి ఓడదిగి డెబ్బదియేండ్లు. తెలుగు చదువజాలని తెలుగువారు పుట్టిన కాలము. భాషకు ఒక బస కల్పించుటకు వారు కట్టుకొనిన సత్రమే ఆ సభ యని నాకు తోచును.

నిలుచు చోటే పోరాటమైన వేళయు వచ్చినది. ఆసియావాసులు ఫలానా ప్రాంతములలో భూమి కొనరాదని, నివసింపరాదని శాసించిన చట్టమును ధిక్కరించి, 1946 జూన్ 13న డర్బనులో అంబిలో, గేల్ వీథుల కూడలిలోని ఖాళీస్థలమున గుడారములు వేసి స్త్రీపురుషులు బసచేసిరి. రాత్రులందు దుండగులు గుడారములు పీకివేసిరి, సత్యాగ్రహులు మరల వేసిరి. వైద్యుడు నాయికర్, వైద్యుడు దాదూ నాయకత్వమున సాగిన ఈ సత్యాగ్రహమున సుమారు రెండువేలమంది చెరసాల చేరిరి. అయినను 1950లో నివాసప్రాంతములను, 1953లో సముద్రతీరములు మొదలుకొని ఉద్యానములలోని బల్లల వరకు సమస్తమును వర్ణమునుబట్టి పంచిపెట్టు చట్టములు వచ్చినవి. తీరమున బోర్డులు వెలసినవి. మనవారు సెలవురోజున పులిహోర మూటలతో, బిర్యానీ గిన్నెలతో ఉమ్‌గేనీ నది ముఖమున నున్న బ్లూ లగూనునకు పోయి, దానినే తమ తీరముగా చేసికొనిరి. నేటికిని ఆ పేరు చెప్పినచో అక్కడి వృద్ధుల ముఖములు వికసించును.

1989 సెప్టెంబరులో వేలకొలది జనము డర్బను నిషిద్ధతీరములకు నడచివచ్చి నీట దిగిరి. ఆ సంవత్సరమే నవంబరు 16వ తేదిన అధ్యక్షుడు డి క్లర్క్ దేశమందలి తీరములన్నియు అందరివని ప్రకటించెను. నవంబరు 16! ట్రూరో లంగరు వేసిన తేది. నడుమ గడచినవి 129 సంవత్సరములు. 1953 నాటి చట్టము మరుసటి యేడు రద్దయ్యెను. నేడు తీరమున నా హోటలు ముందరి రాజమార్గమునకు ఓ.ఆర్. టాంబో పేరు, రేవునకు పోవు పాత పాయింటు రోడ్డునకు మహాత్మాగాంధీ పేరు.

ప్రయాణమగు ఉదయమున లెక్క చెల్లించుచుండగా, ముందుబల్ల యొద్ది యువతి "అంకుల్" అని పిలిచి, నేను హైదరాబాదువాడనని రిజిస్టరులో చూచితినని చెప్పి, సొరుగునుండి మడతలు పడిన కాగితమొకటి తీసెను. ఆమె ముత్తాత తండ్రికి సంబంధించిన ఓడజాబితా పుట నకలు. ఆమెకు తెలుగు రాదు. పండుగనాడు గోవింద నామము పాడుట వచ్చును. గ్రామము గడిలోని ఆంగ్లాక్షరములను ఆమె ఒక తీరున చదివెను, నేనొక తీరున చదివితిని, మూడవసారి ఇరువురము కలసి పైకి చదువగా అది కొత్తపాలెమని తేలెను. ఎచ్చట నున్నదని ఆమె ఆతురతతో అడిగెను. తాలూకా గడిలో సిరా చెదిరిపోయినది. మధురానగరము చేరిన తరువాత పటము ముందు పెట్టుకొని శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు తీరము వెంట వ్రేలు జరుపుచు కొత్తపాలెములను గుర్తించుట మొదలిడితిని; గుంటూరు మండలము దాటలేదు, కాగితము నిండినది. ఆ జాబితాను ఆమెకు పంపితిని. అందు ప్రతి యూరికిని తూర్పున సముద్రమున్నది.